కాళ్ళ నొప్పులకి ఏది మేలు: రిఫ్లెక్సాలజీయా, నువ్వుల నూనా, మసాజ్ మెషీనా?

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ చేసొచ్చినవాళ్ళకి మర్నాడు కాళ్ళు ఒకటే పీకుడు. 32 కిలోమీటర్ల నడక మరి, అదీ చాలామంది చెప్పుల్లేకుండా నడుస్తారు. ఒకరు పాదాల్లో కొన్ని చోట్ల నొక్కే రిఫ్లెక్సాలజీకి వెళ్ళమంటారు, ఇంకొకరు మెషీన్ కొనుక్కోమంటారు. ఈలోగా ఇంట్లో అమ్మ నువ్వుల నూనె వేడిచేస్తుంది.

రిఫ్లెక్సాలజీ మామూలు మసాజ్ లాంటిది కాదు. బట్టలు మార్చుకోనక్కర్లేదు, చెప్పులూ సాక్సులూ విప్పితే చాలు. వెనక్కి వాలే కుర్చీలో కూర్చోబెట్టి షుగర్, బీపీ, పాత దెబ్బల గురించి అడుగుతారు. అడక్కుండానే మొదలుపెడితే అక్కడ చేయించుకోవద్దు. ఆ తర్వాత అంతా బొటనవేలి పనే. గొంగళిపురుగు పాకినట్టు కొద్దికొద్దిగా జరుపుతూ అరికాలంతా నొక్కుతారు. నూనె పెద్దగా వాడరు, పౌడరో కాస్త క్రీమో రాస్తారు. అరగంట నుంచి గంట పడుతుంది. కొన్నిచోట్ల నొక్కగానే చురుక్కుమంటుంది, అప్పుడు ఓర్చుకోకుండా ‘కొంచెం మెల్లగా అండీ’ అనండి. అయ్యాక మగతగా ఉండొచ్చు, వెంటనే బండి తీయకండి.

కాలివేళ్ళు తలకీ, అరికాలి మధ్యభాగం పొట్టకీ, మడమ నడుముకీ సంబంధించినవని రిఫ్లెక్సాలజీ వాళ్ళ పటం చెబుతుంది. 1930లలో అమెరికాలో యూనిస్ ఇంగ్‌హామ్ అనే ఫిజియోథెరపిస్ట్ దీన్ని తయారుచేశారు. కానీ 2009లో 18 క్లినికల్ పరీక్షలను కలిపి చూసిన ఒక సమీక్షలో ఏ జబ్బుకైనా రిఫ్లెక్సాలజీ పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం కనిపించలేదు. అందుకే పాదం నొక్కి ‘మీ లివర్ వీక్‌గా ఉంది’ అంటే నమ్మకండి. మందులు మానేయమంటే లేచి వచ్చేయండి.

మరి డబ్బు పెట్టడం దేనికంటే, టెన్షన్‌తో నిద్రపట్టనివాళ్ళకి ఫోన్ పక్కన పడేసి గంటసేపు ప్రశాంతంగా ఉండడం నిజంగా అవసరం. ఆ హాయికి మాత్రం నేను రిఫ్లెక్సాలజీకే వెళ్ళమంటాను.

రోజువారీ అలసటకి నా ఓటు నువ్వుల నూనెకే. విశాఖలో గాజువాక షాపుల్లో పొద్దస్తమానం నిలబడే ఆడపిల్లలు రోజూ సెంటర్‌కి ఎక్కడ వెళ్ళగలరు? గోరువెచ్చని నూనెతో పిక్కల నుంచి అరికాళ్ళ దాకా పది నిమిషాలు రుద్దితే చాలు, ఖర్చు కూడా తక్కువే. రాసుకున్నాక పాదాలు తుడుచుకోండి, టైల్స్ మీద జారతారు.

మెషీన్ ఒంటరిగా ఉండేవాళ్ళకి సదుపాయమే. కాకపోతే మనిషి చెయ్యి ‘అబ్బా’ అనగానే ఆగుతుంది, మెషీన్ ఆగదు.

షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు వేడిచేసే మెషీన్ జోలికి అసలు వెళ్ళొద్దు, చర్మం కాలినా తెలీదు. పాదాల మీద పుండ్లుంటే పై మూడూ వద్దు. గర్భిణులు డాక్టర్‌ని అడిగాకే చేయించుకోవాలి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని ఎవరిచేతా నొక్కించకుండా అదే రోజు విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కో, దగ్గర్లోని ఆసుపత్రికో వెళ్ళండి.