కొత్త న్యూరాన్లు పుట్టిస్తాయన్న క్యాప్సూల్స్: రెండు స్టార్లు

ఫార్మసీ చదివిన అలవాటు, ఏ డబ్బా చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తాను. ఈ లయన్స్ మేన్ పుట్టగొడుగు క్యాప్సూల్స్ డబ్బా మీద ముందువైపు పెద్దక్షరాలతో 'మెదడులో కొత్త న్యూరాన్లు' (అంటే కొత్త నాడీకణాలు) అని ఉంది. వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో నాలుగు దినుసుల పేర్లు రాసి, అన్నీ కలిపి 500 మిల్లీగ్రాములని ఊరుకున్నారు. అందులో పుట్టగొడుగు ఎంత? పైకి కనిపించే భాగమా, దాని మైసీలియమా, అంటే లోపల వేర్లలా అల్లుకునే సన్నటి దారాలా? నాడీకణాలకి మేలు చేస్తాయని చెప్పే పదార్థాల్లో హెరిసెనోన్లు మొదటిదాంట్లో, ఎరినాసిన్లు రెండోదాంట్లో ఉంటాయి కాబట్టి ఇది చాదస్తపు ప్రశ్న కాదు. కస్టమర్ కేర్‌కి రాసి అడిగితే డిస్కౌంట్ కూపన్ పంపారు!

ఈ పుట్టగొడుగు ఉత్తి బోగస్ అని నేననను. 2009లో జపాన్‌లో 50 నుంచి 80 ఏళ్ల మధ్య, కాస్త మతిమరుపు ఉన్న 30 మంది మీద ట్రయల్ చేశారు. పొడి తీసుకున్నవాళ్ల స్కోర్లు 16 వారాల్లో మెరుగయ్యాయి, మానేశాక మళ్లీ తగ్గాయి. కానీ వాళ్లకిచ్చింది రోజుకు సుమారు 3 గ్రాములు. ఈ డబ్బా చెప్పేది రోజుకు రెండు క్యాప్సూల్స్, అంటే నాలుగు దినుసులూ కలిపి ఒక్క గ్రాము.

పైగా వాళ్లు కొలిచింది జ్ఞాపకశక్తిని, న్యూరాన్లను కాదు. బతికున్న మనిషి మెదడులో కొత్త న్యూరాన్లు లెక్కపెట్టే పరీక్ష ఇంకా రాలేదు. 1998లో పెద్దవాళ్ల హిప్పోక్యాంపస్‌లో (మెదడులో జ్ఞాపకాలకి ముఖ్యమైన భాగం) కొత్త కణాలున్నాయని చూపించింది, చనిపోయిన క్యాన్సర్ రోగుల మెదళ్లను పరీక్షించి. 2018లో ఒక బృందం పెద్దవాళ్లలో అవి దాదాపు పుట్టవంది, ఇంకో బృందం ముసలితనంలోనూ పుడతాయంది. శాస్త్రవేత్తలే తేల్చుకోలేనిది ఈ కంపెనీకి ఎలా తెలిసిందో!

నిజంగా మందుల సంగతికొస్తే, కొత్త న్యూరాన్ల విషయంలో ఎక్కువ ఆధారం ఉన్నది డిప్రెషన్ మందులకి, అదీ ఎలుకల్లో. 2003లో ఎలుకల హిప్పోక్యాంపస్‌కి ఎక్స్-రేలు పెట్టి కొత్త కణాలు పుట్టకుండా చేస్తే, ఫ్లుయోక్సెటిన్ అనే డిప్రెషన్ మందు ఇచ్చినా వాటి ప్రవర్తనలో రావాల్సిన మార్పు రాలేదు. అలాగని న్యూరాన్ల కోసం ఎవరూ ఆ మాత్ర కొనేసుకోకండి, అది డాక్టర్ చీటీ మీద వాడాల్సిన మందు. సరిగ్గా కొత్త న్యూరాన్లు పుట్టించడం కోసమే తయారుచేసిన ఎన్‌ఎస్‌ఐ-189 అనే మందు 2017లో, డిప్రెషన్ రోగుల మీద చేసిన రెండో దశ ట్రయల్‌లో, ప్రధాన లక్ష్యం అందుకోలేకపోయింది.

నా అనుభవం చెప్పాలంటే, డబ్బా మొత్తం వాడాను. క్యాప్సూల్ విప్పితే లేత గోధుమరంగు పొడి, ఎండు పుట్టగొడుగు వాసన. కడుపులో ఇబ్బందేమీ లేదు. మనుషుల పేర్లు మాత్రం ఇదివరకటిలాగే నాలుక చివర దాకా వచ్చి ఆగిపోతున్నాయి. ఒక స్టార్ పొడి తాజాగా ఉన్నందుకు, ఇంకోటి మూత గట్టిగా ఉన్నందుకు. కూపన్ వాడలేదు.