మెకంజీ సమాధిని వెతుకుతూ: కలకత్తా పార్క్ స్ట్రీట్ యాత్ర

మా ఏలూరువాడైన కావలి వెంకట బొర్రయ్య ఏ దొర కొలువులో ఉండి ఊరూరి చరిత్రలు సేకరించాడో, ఆ కల్నల్ కాలిన్ మెకంజీ 1821 మే 8న కలకత్తా సమీపంలో చనిపోయి, పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో సమాధి అయ్యాడని చదివిన నాటి నుంచి ఆ చోటు చూడాలన్న కోరిక ఉండేది. మొన్న డిసెంబరులో అది సగం తీరింది. ఏలూరులో రాత్రి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు సాయంత్రానికి హౌరాలో దిగవచ్చు.

మొదటి రెండు రాత్రులు సదర్ స్ట్రీట్ పక్క సందులో ఒక లాజ్‌లో దిగాము. ముందుగా డబ్బు కట్టించుకున్నది ఒక గదికి, ఇచ్చినది కిటికీ లేని మరొక గది. వేడినీళ్లు బకెట్టుకు ఇంతని విడిగా వసూలు చేశారు. మూడో రోజు ఎల్గిన్ రోడ్ వైపు ఒక పాత ఇంట్లో నడుపుతున్న అతిథిగృహానికి మారాము. అద్దె కొంత ఎక్కువైనా ప్రశాంతంగా నిద్ర పట్టింది. పెద్దవాళ్లతో వెళ్లేవారు మొదటే అటువైపు చూసుకోవడం మేలు.

పార్క్ స్ట్రీట్ మెట్రో స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కకుండా నడవమని నా సలహా. వీధి మొదట్లోనే ఏషియాటిక్ సొసైటీ ఉంది. దానిని 1784లో స్థాపించిన సర్ విలియం జోన్స్ సమాధి అదే వీధిలో, ఇరవై నిమిషాల నడక దూరంలో ఉంది. శవాలను మోసుకుపోయే దారి కనుక ఒకప్పుడు దీనిని బరియల్ గ్రౌండ్ రోడ్ అనేవారు. తరువాత అప్పటి కలకత్తా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎలైజా ఇంపే జింకల పార్కు వల్ల పార్క్ స్ట్రీట్ అయింది. ఇప్పుడు అధికారికంగా మదర్ థెరీసా సరణి అయినా, టాక్సీ డ్రైవర్లకు పాత పేరే చెప్పాలి.

ఈ సమాధుల తోటను 1767లో, అప్పటికి ఊరికి దూరంగా ఉన్న చిత్తడి నేలలో తెరిచారు. కంపెనీ కొలువుకు వచ్చిన తెల్లవాడి ఆయుష్షు రెండు వానాకాలాలని అప్పట్లో ఒక నానుడి. లోపల ఉన్న సుమారు 1600 సమాధుల మధ్య తిరుగుతూ ఫలకాల మీది వయసులు చదువుతుంటే అది అతిశయోక్తి అనిపించదు. ఇరవై, ఇరవై రెండు, పసిబిడ్డ, బిడ్డతోపాటు తల్లి. బతుకు ఎంత చిన్నదో కట్టడం అంత పెద్దది: ఇటుకతో కట్టి సున్నపు గచ్చు పూసిన పిరమిడ్లు, గుమ్మటాలు, స్తంభాల మండపాలు ఇరుకు దారులకు ఇరువైపులా చెట్ల నీడలో నిలిచి ఉంటాయి.

అన్నిటికంటే ఎత్తైన సూదిమొన స్తంభం జోన్స్‌ది. శాకుంతలాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన ఆయన 1794లో 47 ఏళ్లకే చనిపోయాడు. దేవుడికి భయపడ్డాడు గాని చావుకు భయపడలేదని తన సమాధి మీది మాటలు తానే రాసుకున్నాడు. ఐర్లండు నుంచి వచ్చి రోజూ గంగాస్నానం చేసి, హిందూ విగ్రహాలను పూజించిన మేజర్ జనరల్ చార్లెస్ స్టువర్ట్ 1828లో పోతే, ఆయన సమాధిని గుడి ఆకారంలో కట్టారు. హిందూ కాలేజీలో చదువు చెప్పి ఒక తరం బెంగాలీ యువకులను ప్రశ్నించడానికి పురికొల్పిన కవి డెరోజియో 1831లో కలరాతో చనిపోయేనాటికి వయసు 22. అందరూ ఫోటోలు తీసుకునేది మాత్రం మెలితిరిగిన శంఖంలాంటి రోజ్ ఐల్మర్ సమాధి దగ్గర. ఆమె 1800లో ఇరవై ఏళ్లకే పోయింది. అనాసపండ్లు అతిగా తినడం వల్లనని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆమె మీద వాల్టర్ సావేజ్ లాండర్ రాసిన కవిత ఆ రాతి మీదే చెక్కి ఉంది. నవలాకారుడు డికెన్స్ ఆ లాండర్ పేరే తన కొడుకుకు పెట్టుకోగా, ఆ వాల్టర్ లాండర్ డికెన్స్ 1863లో కలకత్తాలోనే చనిపోయాడు. అతని సమాధిరాయిని 1987లో భవానీపూర్ నుంచి ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. దేహం అక్కడ, రాయి ఇక్కడ.

నేను వెతికిన పేరు గేటు దగ్గర కొన్న చిన్న పుస్తకంలో లేదు. మాకు దారి చూపిన మనిషి మెకంజీ అనగానే మరేదో సమాధి దగ్గరకు తీసుకుపోయాడు. 1815లో మొత్తం భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయినవాడు, అమరావతి స్తూపాన్ని కొలిపించి బొమ్మలు గీయించినవాడు, బొర్రయ్య 1803లో పోయాక ఆయన తమ్ముడు లక్ష్మయ్యతో పని సాగించినవాడు ఇక్కడి పర్యాటకులకు అక్కరలేదు. ఫలకాలు ఊడిపోయిన సమాధులు, అక్షరాలు అరిగిపోయినవి చాలా ఉన్నాయి. రెండు గంటలు వెతికి మానుకున్నాను. ఎదురుగా ఉండే ఉత్తర పార్క్ స్ట్రీట్ శ్మశానాన్ని 1950లలో తొలగించారు. నవలాకారుడు థాకరే తండ్రి సమాధి అందులోనే పోయింది. దానితో పోలిస్తే ఇక్కడ దారులు ఊడ్చి, కొన్ని కట్టడాలకు మరమ్మతు చేసి ఉంచడమే గొప్ప.

ప్రవేశ రుసుము నామమాత్రమే. దోమలు పగలే కుడతాయి. ఒళ్లంతా కప్పే బట్టలు, మంచినీళ్లు తీసుకువెళ్లాలి. వానాకాలంలో నాచు జారుతుంది కనుక వద్దు.

సమయం ఉంటే మరో రెండు చోట్లు చూడవచ్చు. దగ్గరలోని లోయర్ సర్క్యులర్ రోడ్ శ్మశానంలో, కొన్నేళ్లు మద్రాసులో గడిపిన బెంగాలీ కవి మైకేల్ మధుసూదన దత్తు సమాధి ఉంది. బెంగాలీలు పూలు పెట్టి వెళుతుంటారు. డల్హౌసీ వైపున్న సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో, కలకత్తాకు పునాది వేశాడని చెప్పుకునే కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్ సమాధి ఉంది. అక్కడి నల్లరాయి మద్రాసు పక్కన పల్లావరం నుంచి వచ్చింది. భూగర్భ శాస్త్రవేత్త హాలండ్ ఆ రాతిజాతికి చార్నాక్ పేరు మీదే చార్నొకైట్ అని పేరు పెట్టాడు. మన తూర్పు కనుమల్లో కొండలకు కొండలే ఆ రాయి. ఒక్క పూటే ఉన్నవాళ్లు ఈ రెండూ వదిలేసి పార్క్ స్ట్రీట్‌కే వెళ్లడం మంచిది.

పాత సమాధుల వివరాలు కావాలంటే ఆఫీసులో పనివేళల్లో అడగాలని కాపలాదారు చెప్పాడు. మేము వెళ్లినది ఆదివారం, మర్నాడు పొద్దున్నే మా బండి.