పాత చీరలు, ప్లాస్టిక్ సంచులతో నేసినవని అమ్మే వాల్ హ్యాంగింగ్‌ల విషయంలో జాగ్రత్త

పాత నూలు చీరల పేలికలనూ వాడి పారేసిన ప్లాస్టిక్ సంచులనూ కలిపి చేతితో నేసినదన్న ప్రకటన చూసి, ఇటీవల ఆన్‌లైన్‌లో ఒక వాల్ హ్యాంగింగ్ కొన్నాను. వచ్చిన వస్తువుకూ ఆ ప్రకటనకూ పొంతన లేదు. ఇలాంటివి కొనబోయేవారు డబ్బు చెల్లించకముందే జాగ్రత్తపడాలని ఇది రాస్తున్నాను.

ఒక క్యారీ బ్యాగును ఎంత సన్నగా కత్తిరించినా వచ్చే పట్టీ పొడవు కొంతే కనుక, నేతలో తరచుగా ముడులో అతుకులో కనిపించాలి. అచ్చు అక్షరాల జాడలు, మడతల గీతలు, మందంలో తేడాలు ఎక్కడో ఒకచోట బయటపడాలి. నాకు వచ్చినదాంట్లో ఒకే రంగు, ఒకే మందం ఉన్న పట్టీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అతుకన్నది లేకుండా సాగింది. అది కొత్త ప్లాస్టిక్ చుట్ట నుంచి కోసినదేనని నా గట్టి నమ్మకం.

గుడ్డ సంగతి మరీ బాధ కలిగించింది. ఏళ్ల తరబడి ఉతికిన చీర సాధారణంగా అంతగా రంగు వదలదు. దీన్ని తడిగుడ్డతో తుడవగానే ఎరుపంతా అంటుకుంది. అంచున ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని స్టీలు పళ్లెం మీద వెలిగించాను. నూలైతే కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద కావాలి. ఇది కరిగి, గట్టి నల్లపూసగా మిగిలింది, అంటే నూలు కాదు, పాలిస్టర్ లాంటి కృత్రిమ దారం.

లేబుల్‌పై గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్ అనే, రీసైకిల్ చేసిన సరుకుకు ఇచ్చే అంతర్జాతీయ ధ్రువీకరణ గుర్తు కూడా ఉంది. ఆ గుర్తు వేయాలంటే వస్తువులో కనీసం 50 శాతం రీసైకిల్ చేసిన పదార్థం ఉండాలి. ధ్రువపత్రం అడిగితే ఏదో స్పిన్నింగ్ మిల్లు పేరున ఉన్న కాగితం పంపారు. మిల్లుకు పత్రం ఉన్నంత మాత్రాన వస్తువుకు ఆ గుర్తు చెల్లదు. అయితే ఇంట్లో పాత చీరలతో బొంతలు కుట్టి అమ్ముకునే మహిళలను ధ్రువపత్రం లేదని దయచేసి అనుమానించకండి. ముడిసరుకు ఫొటో అడిగితే వారు సంతోషంగా చూపిస్తారు.

ఆధారం లేకుండా పర్యావరణ హితమని ప్రచారం చేసుకోవడాన్ని కట్టడి చేస్తూ 2024 అక్టోబరులో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. వాటిని పేర్కొంటూ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. ఆ తరువాత ప్రకటనలోంచి పాత చీరల మాట మాయమైంది. కనుక ఇలాంటిది కొన్నవారు ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు, లేబుల్ మూడింటినీ వస్తువు అందిన రోజే భద్రపరచుకోండి.