జర్మేనియం కాలం నాటి ట్రాన్సిస్టర్ రేడియోలు: ఏళ్ల తరబడి విని, విప్పి చూశాక

పాత రేడియోలను అద్దాల అలమారాలో పెట్టి చూసుకునేవాళ్లకు నా సమీక్ష అంతగా పనికిరాదు. నేను మోగించుకోవడానికే కొంటాను. 1950ల చివర, 60లలో వచ్చిన జర్మేనియం (సిలికాన్‌కు ముందు ట్రాన్సిస్టర్లకు ఎక్కువగా వాడిన మూలకం) సెట్లే నాకు ఇష్టం. ఒక్క ముక్కలో చెప్పాలంటే, పైకి మాసిపోయినా లోపల ఎవరూ చెయ్యి పెట్టని సెట్టు, తళతళలాడుతూ ఎవరో కెలికిన సెట్టు కన్నా ఎంతో మేలు.

జేబు సెట్ల మీద మోజు ఎక్కువ. 1954లో వచ్చిన రీజెన్సీ టీఆర్-1లో ఉన్నవి నాలుగే ట్రాన్సిస్టర్లు, బ్యాటరీ 22.5 వోల్టులు. చరిత్రగా గొప్పదే. కానీ అంత చిన్న స్పీకర్లో పాట వినడం శిక్షే. రోజూ వినడానికైతే పిడి ఉన్న పెద్ద సెట్టు తీసుకోండి. వార్తలు, మాటలు హాయిగా వినిపిస్తాయి. సౌండ్ తగ్గించి వింటే సెల్స్ కూడా చాలాకాలం వస్తాయి. చాలా సెట్లలో చివరి రెండు ట్రాన్సిస్టర్లు పుష్-పుల్ పద్ధతిలో, అంటే వంతులవారీగా, పనిచేస్తాయి కాబట్టి, సౌండ్ పెంచినప్పుడే కరెంటు ఎక్కువ లాగుతాయి.

మీడియం వేవ్‌లో ఇప్పుడు పెద్ద బెడద ఛార్జర్లు, ఎల్‌ఈడీ బల్బుల గోల. లోపల ఏరియల్‌గా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ ఒక దిక్కు నుంచి వచ్చేది దాదాపు వినదు. సెట్టును మెల్లగా తిప్పుతూ ఆ దిక్కును గోల వైపు పెడితే సగం చికాకు పోతుంది.

ఇక రిపేరు. వాల్యూమ్ తిప్పితే గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ చాలు. ఆల్కలైన్ సెల్స్ కారిన చోట కొంచెం వెనిగర్ రాసి తుడవాలి. సెల్స్ నీరసించేకొద్దీ బుడబుడమని శబ్దం వస్తే, ఛార్జ్ నిలవచేసే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోయాయని అనుమానించాలి. అవి మార్చగానే చాలా సెట్లు లేచి కూర్చుంటాయి.

అసలు సరదా ఏఎఫ్117 అనే జర్మేనియం ట్రాన్సిస్టర్ దగ్గర ఉంది. ఏఎఫ్114 నుంచి 117 దాకా ఈ కుటుంబమంతటిదీ ఒకే జబ్బు. లోహపు డబ్బా లోపలి గోడ నుంచి వెంట్రుక కన్నా సన్నని తగరపు పోగులు మొలిచి, ట్రాన్సిస్టర్ కాళ్లకు తగులుతాయి. వాడకుండా పక్కన పడేసినా పెరుగుతూనే ఉంటాయి. ఇందులో నాలుగో కాలు ఆ డబ్బాది. దాన్ని ఊడదీసి, డబ్బాకీ మిగతా కాళ్లకీ మధ్య మల్టీమీటర్‌తో చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఒక్క కాలికే తగిలి ఉంటే డబ్బా కాలు కత్తిరించేస్తే రేడియో మళ్లీ పాడుతుంది. రెండు కాళ్లకు తగిలితే ఆ కిటుకు పనిచేయదు, ఎందుకంటే ఆ రెండూ డబ్బా ద్వారా కలిసే ఉంటాయి. కెపాసిటర్ ఛార్జ్‌తో పోగుల్ని కాల్చేసేవాళ్లూ ఉన్నారు. అవి మళ్లీ మొలుస్తాయి. నేనైతే ట్రాన్సిస్టర్‌నే మార్చేస్తాను.

జర్మేనియానికి వేడి పడదు. టంకం వేసేటప్పుడు కాలిని ముక్కు పటకారుతో పట్టుకుంటే వేడి అందులోకి పోతుంది. చాలా సెట్లలో ప్లస్సే ఎర్త్ (సర్క్యూట్ ఉమ్మడి తీగ), అందుకని అడాప్టర్ తగిలించేముందు సర్క్యూట్ ఒకసారి చూసుకోవాలి. ప్లస్, మైనస్ తిరగేసి ఇచ్చారా, ట్రాన్సిస్టర్లు పోవచ్చు.

ఐఎఫ్ కాయిల్స్ (స్టేషన్ సిగ్నల్‌ను ఏరే తీగచుట్టలు) మధ్యలో తిప్పి సరిచేసే కోర్ల జోలికి మాత్రం సిగ్నల్ జనరేటర్ (పరీక్షకు సిగ్నల్ పుట్టించే పరికరం) లేకుండా వెళ్లొద్దు. "కొంచెం తిప్పితే స్టేషన్ పెరుగుతుందేమో" అని ఎవరో స్క్రూడ్రైవర్ పెట్టిన సెట్లే నన్ను ఎక్కువ ఏడిపించాయి. ఆ కోర్లు పెళుసు, పట్టు తప్పితే ముక్కలైపోతాయి. అందుకే కొనేముందు వెనక మూత తీసి చూపించమంటాను. కోర్లు కదలకుండా వేసిన మైనం చెదరకుండా ఉంటే, కేసు పగిలి ఉన్నా బేరమాడతాను. ఫెర్రైట్ కడ్డీ విరిగి ఉంటే మాత్రం విడిభాగాల కోసమే.