ఏప్రిల్‌ఎయిర్ 600 హ్యూమిడిఫైయర్: మిన్నెసోటా చలిలో ఓక్ ఫ్లోర్ కోసం వాడి చెబుతున్నా

మినియాపోలిస్ చుట్టుపక్కల హార్డ్‌వుడ్ ఫ్లోరింగ్ (ఓక్ లాంటి గట్టి చెక్క పలకల నేల) ఉన్న ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకి ఒకటే మాట: పాలిష్‌ల మీద, రగ్గుల మీద ఖర్చు పెట్టే ముందు ఇంట్లో తేమ సంగతి చూసుకోండి. మేం ఇంటిని వేడి చేసే ఫర్నేస్‌కి ఏప్రిల్‌ఎయిర్ 600 అనే బైపాస్ హ్యూమిడిఫైయర్, అంటే గాలికి తేమ కలిపే మెషీన్, పెట్టించుకున్నాం. మంచి వస్తువు, పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది. కాకపోతే దాన్ని ఎంతలో ఉంచాలో తెలియకుండా తిప్పేస్తే ఫ్లోర్ బాగుపడి కిటికీలు పాడవుతాయి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

బయట సున్నా ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు గాలిలో నీటి ఆవిరి దాదాపు ఉండదు. ఆ గాలే సందుల్లోంచి లోపలికొస్తుంది, ఫర్నేస్ దాన్ని 70కి వేడి చేసేసరికి తేమ 5 శాతం దగ్గరికి పడిపోతుంది. వంటలు, స్నానాలు, మన ఊపిరి వల్ల ఇల్లు మరీ అంత ఎండిపోదు గానీ, ఏ ఏర్పాటూ లేని ఇళ్లలో 15, 20 శాతం మామూలే. చెక్క చుట్టూ ఉన్న గాలిని బట్టి తన తేమ మార్చుకుంటూ ఉంటుంది: గాలి 50 శాతంలో ఉంటే చెక్కలో 9 శాతం, గాలి 20కి దిగితే చెక్క నాలుగున్నరకి. మన ఊళ్లో వానాకాలం తలుపు ఉబ్బి గడియ పడకపోవడం, ఎండలు రాగానే వదులైపోవడం అందరికీ తెలిసిందే కదా, ఇక్కడ ఆ ఎండాకాలం పని చలికాలం చేస్తుంది. ఈ తేడాకి రెండుంపావు అంగుళాల రెడ్ ఓక్ పలక వెడల్పులో ఒక మిల్లీమీటరు దాకా కుంచించుకుపోతుంది, ఇప్పుడు అందరూ వేయించుకుంటున్న 5 అంగుళాల పలకైతే రెండు మిల్లీమీటర్లు దాటుతుంది. మా హాల్లో వేడి గాలి వచ్చే రిజిస్టర్ పక్కన పలకల మధ్య క్రెడిట్ కార్డు నిలువుగా దిగేది. నడిస్తే కిర్రుమనేది.

ముందు నీళ్లని సన్నటి పొగలా చిమ్మే అల్ట్రాసానిక్ హ్యూమిడిఫైయర్ ఒకటి కొన్నాం, కంపెనీ పేరు వద్దులెండి. కుళాయి నీళ్లు పోస్తే ఆ నీళ్లలోని ఖనిజాలన్నీ పొగతో పాటే గాల్లోకి వచ్చి, టీవీ స్టాండ్ మీద, ఫ్లోర్ మీద తెల్లటి పొడిలా పేరుకునేవి. డిస్టిల్డ్ వాటర్ మోసుకురావడం రోజూ అయ్యే పని కాదు. పైగా అది ఒక గదికే, కింద మొత్తం ఓక్ ఉంటే ఏ మూలకీ చాలదు.

600 పని చాలా సింపుల్. ఫర్నేస్ పక్కన గాలి వెళ్లే గొట్టానికి (డక్ట్) బిగిస్తారు, లోపల మెష్ లాంటి వాటర్ ప్యానెల్ ఉంటుంది, పైనుంచి నీళ్లు దాని మీద కారుతుంటే వేడి గాలి అందులోంచి వెళ్తూ తేమ పట్టుకుంటుంది. పొగ లేదు, తెల్ల పొడి లేదు, ట్యాంకు నింపే పని లేదు. రోజుకి 17 గ్యాలన్ల దాకా ఇవ్వగలదని కంపెనీ లెక్క, గాలి బయటికి పోకుండా గట్టిగా కట్టిన ఇల్లయితే పెద్దదానికి కూడా సరిపోతుంది.

ఇక అసలు విషయం, ఎంతలో పెట్టాలి. నేషనల్ వుడ్ ఫ్లోరింగ్ అసోసియేషన్ 30 నుంచి 50 శాతం మధ్య ఉంచమంటుంది. ఇక్కడి జనవరిలో 45 పెట్టి చూడండి, తెల్లారేసరికి అద్దాల మీద నీళ్లు కారి కింద చెక్క ఫ్రేములో నిలుస్తాయి, రాత్రి చలి ఎక్కువైతే అక్కడే గడ్డకడతాయి. కొన్నాళ్లకి ఫ్రేము నల్లబడి బూజు పడుతుంది. అందుకే బయట 20 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే తేమ 35 శాతానికి, సున్నా అయితే 25కి, మైనస్ 20 అయితే 15కి దించమని చార్టుల్లో ఉంటుంది. ఆటోమేటిక్ కంట్రోల్ తీసుకుంటే బయట పెట్టే సెన్సర్‌ని బట్టి అదే సర్దుకుంటుంది. ఆ కాస్త ఎక్కువ డబ్బు తప్పకుండా పెట్టండి, నా దృష్టిలో ఈ మెషీన్‌లో అన్నిటికన్నా విలువైనది అదే. మరీ చలి వారాల్లో 25కి దిగినా కంగారు పడక్కర్లేదు, చెక్క నెమ్మదిగా స్పందిస్తుంది, సీజన్ మొత్తం 30, 35 దగ్గర నిలకడగా ఉంటే చాలు. ఇప్పుడు మా హాల్లో అదే చోట కార్డు దిగదు, సన్నటి గీత కనిపిస్తుంది అంతే. కాళ్ల పగుళ్లు కూడా బాగా తగ్గాయి.

తేమ మీటరు విడిగా ఒకటి కొనుక్కోండి. చవకవాటిని నమ్మే ముందు చిన్న సీసా మూతలో ఉప్పు వేసి, కాసిని నీళ్లతో తడి ఇసుకలా చేసి, మీటరుతో పాటు జిప్ కవర్లో మూసి రాత్రంతా ఉంచండి. 75 చూపించాలి. 70 చూపిస్తే అది ఎప్పుడూ 5 తక్కువ చెబుతోందని లెక్కలో పెట్టుకోవచ్చు.

నచ్చనివీ ఉన్నాయి. ఈ రకం వాటిలో పోసే నీళ్లలో చాలా భాగం డ్రెయిన్‌లోకే పోతుంది, నీళ్ల బిల్లు చూసుకునేవాళ్లకి బాధే. ఫర్నేస్ తిరుగుతున్నప్పుడే పనిచేస్తుంది. ప్యానెల్ ఏడాదికోసారి మార్చాలి, సీజన్ చివర్లో మూత తీస్తే కింది వరసలన్నీ సున్నం గట్టిపడి తెల్లగా పూడుకుపోయి ఉంటాయి. ఫిట్టింగ్ ఖర్చు యూనిట్ ధరకి మించి అవుతుంది, రెండు మూడు చోట్ల అడగండి.

ఇంకొకటి, ఎవరైనా జనవరిలో వచ్చి సందుల్లో ఫిల్లర్ నింపి సాండింగ్ చేస్తామంటే ఒప్పుకోవద్దు. మాకూ ఒక ఫ్లోరింగ్ అతను అలాగే కొటేషన్ ఇచ్చాడు. జూలైలో పలకలు మళ్లీ ఉబ్బి ఆ ఫిల్లర్‌ని పైకి తోసేస్తాయి. చలి పోగానే నీళ్ల వాల్వ్ కట్టేసి డ్యాంపర్‌ని (గాలి దారి మూసే రేకుని) సమ్మర్ వైపు తిప్పండి, వేసవిలో ఏసీతోనో డీహ్యూమిడిఫైయర్‌తోనో 50 దాటకుండా చూసుకోండి, ఇక్కడి జూలై ఉక్కకి పలకల అంచులు పైకి లేవడం కూడా అంతే మామూలు.