కోంక్ వెళ్తే రాత్రి అక్కడే ఉండండి

ఫ్రాన్స్ దక్షిణాన, అవేరోన్ ప్రాంతంలోని కోంక్ గ్రామానికి వెళ్తామని ఎవరు చెప్పినా నేను చెప్పేది ఒకటే. దగ్గర్లోని రొడెజ్ పట్టణంలో బస చేసి పగలు చూసి వచ్చేయకండి. మధ్యాహ్నం సందులన్నీ జనంతో కిటకిటలాడతాయి. పైగా అక్కడి సెంత్ ఫ్వా చర్చి ముఖద్వారం పడమర వైపు ఉంది. పొద్దు వాలాకే శిల్పాల మీద వెలుగు సూటిగా పడుతుంది.

కొండవాలు మీద ఇంత చిన్న ఊరికి అంత పెద్ద చర్చి రావడానికి కారణం ఒక దొంగతనం. రోమన్ల కాలంలో అజాన్ పట్టణంలో క్రైస్తవ విశ్వాసం కోసం ప్రాణాలర్పించిన ఫ్వా అనే బాలిక అస్థికలను 866లో ఇక్కడి సన్యాసి ఒకాయన ఎత్తుకొచ్చాడట. ఆ తర్వాత మహిమల కథలు పాకాయి, స్పెయిన్‌లోని క్రైస్తవ పుణ్యక్షేత్రం సాంతియాగోకు నడిచి వెళ్లే యాత్రికులు ఇక్కడ ఆగడం మొదలైంది. 11వ శతాబ్దం నడుమ మొదలైన ఇప్పటి కట్టడం 12వ శతాబ్దం తొలినాళ్లకు ఒక రూపానికి వచ్చింది.

లోపలి ఏర్పాటంతా యాత్రికుల కోసమే. సన్యాసుల ప్రార్థనకు అడ్డు రాకుండా భక్తులు పక్క నడవల గుండా వెళ్లి, గర్భాలయం చుట్టూ ప్రదక్షిణ చేసి బయటికి రావచ్చు. నడుమ రాతి కప్పు దాదాపు 22 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ బరువు గోడల్ని బయటికి తోసేయకుండా రెండు వైపులా పై అంతస్తు వసారాలు ఒత్తి పట్టి ఉంచుతాయి. కిటికీలకు రొడెజ్‌లోనే పుట్టిన చిత్రకారుడు పియెర్ సూలాజ్ 1994లో రంగుల్లేని గాజు పెట్టించాడు. బొమ్మల గాజు లేదేమని కొందరు నిరాశపడతారు గానీ, నాకు మాత్రం అదే సరైనదనిపించింది. పొద్దుతో పాటు గాజు ఛాయ మారుతుంటే రాయి అందం బయటపడుతుంది.

ద్వారం పైన అర్ధచంద్రాకారపు ఫలకం మీద తుది తీర్పు దృశ్యం, మొత్తం 124 మూర్తులు. దగ్గరికెళ్లి చూడండి: ఆత్మలను తూచే త్రాసులో ఒక తట్టను దయ్యం వేలితో కిందికి నొక్కుతోంది! అయినా మొగ్గు మంచి వైపే. నరకంలో పిసినారి మెడలో డబ్బు సంచితో వేలాడుతున్నాడు. అంచు కమ్మీ వెనక నుంచి చిన్న చిన్న ముఖాలు తొంగిచూస్తున్నాయి. పాత రంగులు ఇంకా అక్కడక్కడా అంటుకుని ఉన్నాయి. 1837లో రచయిత, చారిత్రక కట్టడాల తనిఖీ అధికారి ప్రోస్పెర్ మెరిమే వచ్చి శిథిలమవుతున్న చర్చిని చూసి మరమ్మతులకు పట్టుబట్టకపోతే మనకు ఇది దక్కేది కాదు.

చర్చి ప్రవేశం ఉచితం, పక్కనే ఉన్న ఖజానాకు టికెట్ ఉంది. తప్పకుండా కొనండి. రత్నాలు పొదిగిన బంగారు ఫ్వా విగ్రహం అక్కడే ఉంది. ఫ్రెంచి విప్లవంలో ఊరివాళ్లు ఆ సంపదను దాచి కాపాడుకున్నారు.

బసకు మఠం వసతిగృహమే నా ఓటు. గదులు సాదాసీదాగా ఉంటాయి, భోజనం అందరితో కలిసి. నడిచి వచ్చే యాత్రికులతో మాట కలుస్తుంది. సౌకర్యం, ఏకాంతం కావాలంటే ఊళ్లోని చిన్న హోటళ్లు మేలు, కానీ ఖర్చెక్కువ. సీజన్‌లో రాత్రి ప్రార్థన అయ్యాక ఒక సన్యాసి ద్వారం ముందు నిలబడి శిల్పాలను వివరిస్తారు, ఫ్రెంచిలోనే. తర్వాత ఆర్గన్ సంగీతం వింటూ పై వసారాల్లో తిరగొచ్చు. పగలు వచ్చి పోయేవాళ్లకు ఇది దొరకదు.

శాకాహారులు ముందే చెప్పుకోవాలి. చీజ్ కలిపి సాగేలా మెదిపిన బంగాళాదుంప వంటకం అలిగో ఈ ప్రాంతంలో దొరుకుతుంది, కడుపు నిండిపోతుంది.

ఊళ్లోకి రైలు లేదు, బస్సులు అరకొర. రొడెజ్ నుంచి సుమారు 40 కిలోమీటర్లు, కారు అద్దెకు తీసుకుంటే టెన్షన్ ఉండదు. పార్కింగ్ దగ్గర్నుంచి రాళ్లు పరిచిన ఏటవాలు దారి, చక్రాల సూట్‌కేసు లాగడం నరకం. వీపు సంచి చాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తే, చర్చికి దగ్గరున్న బసే అడిగి బుక్ చేసుకోండి.