కింగ్ ఎయిర్ బి200 క్యాబిన్ ప్రెషర్: విశాఖ ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి వాడాక

కింగ్ ఎయిర్ బి200 అనే రెండు ఇంజిన్ల చిన్న విమానంలో క్యాబిన్ ప్రెషర్ వ్యవస్థకు ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ రబ్బరు సీళ్లకూ, తుప్పుకు లొంగిపోయే ఒక చిన్న స్విచ్చుకూ. విశాఖపట్నంలో ఒక సంస్థ సొంత రాకపోకలకు పెట్టుకున్న విమానాన్ని ఇంజినీరుగా చాలా ఏళ్ల నుంచి చూసుకుంటున్నాను. ఈ మోడల్ కొనాలనుకుంటున్నవారికీ, కొన్నాక చెవులు దిబ్బడ పడుతున్నాయని ప్రయాణికుల చేత మాట పడుతున్నవారికీ ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

ముందు నాకు నచ్చింది చెబుతాను. ఇందులో కంప్యూటర్ లేదు. రెండు ఇంజిన్ల కంప్రెసర్ల నుంచి తీసిన బ్లీడ్ గాలి చెరో ఫ్లో ప్యాక్ గుండా బయటి గాలితో కలిసి క్యాబిన్‌లోకి వస్తుంది. వచ్చే గాలి ఎప్పుడూ ఇంచుమించు ఒకే మోతాదు. ఒత్తిడి ఎంత ఉండాలో తేల్చేది వెళ్లిపోయే గాలి. అది వెనక బల్క్‌హెడ్ (క్యాబిన్ అడ్డుగోడ) మీదున్న అవుట్‌ఫ్లో వాల్వు పని. దానికి తోడుగా ఒక సేఫ్టీ వాల్వు. పైలట్ కంట్రోలర్ మీద క్యాబిన్ ఎత్తు (లోపలి గాలి ఒత్తిడి ఏ ఎత్తులోని గాలికి సమానమో ఆ అంకె), మార్పు రేటు పెడితే సన్నటి గొట్టాల్లోని గాలి ఒత్తిడే ఆ వాల్వును తెరిచి మూస్తుంది. లోపలికీ బయటికీ గరిష్ఠ తేడా చదరపు అంగుళానికి 6.5 పౌండ్లు. 24,000 అడుగుల్లో ఎగురుతున్నా లోపలి మనిషికి సుమారు 5,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టే ఉంటుంది. క్యాబిన్ ఎత్తు, ఒత్తిడి తేడా, క్యాబిన్ ఎక్కే దిగే రేటు చూపించే ముళ్లను ఓపికగా చదివితే సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

ఇక తలనొప్పులు. ప్రెషర్ నిలవడం లేదని స్నాగ్ (లోపం ఫిర్యాదు) రాగానే చాలామంది చేయి కంట్రోలర్ మీదికి వెళుతుంది. మా విమానం 22,000 అడుగుల్లో ఉండగా తేడా 4.5 దగ్గర ఆగిపోయి, క్యాబిన్ 8,500 అడుగులు చూపించింది. బయటి వర్క్‌షాపు ఒకటి చూడకుండానే కంట్రోలర్ మార్చాలని అంచనా పంపింది. మా యజమాని సంతకం పెట్టబోతూ “ఏమండీ, మార్చేద్దామా?” అని అడిగారు. “ఒక్క టెస్ట్ ఫ్లైట్ ఇప్పించండి సార్, తర్వాత మీ ఇష్టం” అన్నాను.

ఆ టెస్ట్ ఫ్లైట్‌లో చేసింది చాలా తేలికైన పని. ఎడమ బ్లీడ్ మూసి చూడాలి, తెరిచి కుడిది మూసి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న బి200 ఒక్క వైపు గాలితోనే ప్రెషర్ నిలబెట్టుకుంటుంది. ఒక వైపు మూసినప్పుడు ముల్లు గట్టిగా పడి, రెండో వైపు మూసినప్పుడు కదలకపోతే ముల్లు కదలని ఆ రెండో వైపు ప్యాకే నీరసంగా ఉందని అర్థం. మా విమానంలో ఎటు మూసినా ముల్లు ఒకేలా పడింది. అంటే వచ్చే గాలి బాగానే ఉంది, ఎక్కడో కారిపోతోంది. తలుపు కింది మూలలో చేయి పెడితే చల్లటి గాలి గీత తెలిసింది. సీల్ మార్చాక తేడా మళ్లీ ఆరు దాటింది. కంట్రోలర్ ఈనాటికీ అదే.

తలుపు గురించి ఇంకొంచెం చెప్పాలి. మా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లను బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి చూసి రమ్మంటాను. సముద్రం బయటి నుంచి నొక్కుతుంటే దాని మూత ఇంకా బిగుసుకుంటుంది. మన విమానం తలుపు బయటికి తెరుచుకునేది కాబట్టి లోపలి ఒత్తిడి దాన్ని చట్రం నుంచి దూరంగా తోస్తూ ఉంటుంది. లాచీలు తలుపును పట్టుకుంటాయి గానీ సందును పూడ్చలేవు. సందు పూడ్చేది ఇంజిన్ గాలితో ఉబ్బే రబ్బరు సీల్. విశాఖ ఎండకూ తేమకూ ఆ రబ్బరు గట్టిపడుతుంది, మెట్ల మీద ఇసుకతో ఎక్కే బూట్లకు చిట్లుతుంది. వారానికోసారి తడిగుడ్డతో తుడిచి, మాన్యువల్‌లో చెప్పిన పూత తప్ప ఇంకేదీ రాయవద్దు. అత్యవసర ద్వారం సీల్, బల్క్‌హెడ్ గుండా కంట్రోల్ కేబుళ్లు దాటే చోట్లు కూడా సబ్బునీళ్లతో చూడవలసినవే.

ఇప్పుడు ఆ స్విచ్చు. ఎడమ చక్రం కాలు దగ్గర స్క్వాట్ స్విచ్ ఉంటుంది. నేల మీద ఉన్నంతసేపూ అది సేఫ్టీ వాల్వును తెరిచి ఉంచుతుంది, గాల్లోకి లేవగానే మూయనిస్తుంది. ఉప్పు పట్టి అది ఇరుక్కుంటే విమానం ఆకాశంలో ఉన్నా తాను నేల మీదే ఉన్నాననుకుంటుంది. ఒకసారి మా పైలట్ తిరిగి వచ్చి, “సార్, లేచినప్పటి నుంచీ క్యాబిన్ విమానంతో పాటే ఎక్కుతోంది. 8,000 దగ్గర ఆపేసి వచ్చేశాను” అన్నాడు.

“క్యాబిన్ ప్రెషర్ స్విచ్చును టెస్ట్ వైపు నొక్కి పట్టుకుని చూశారా కెప్టెన్?” అని అడిగాను.

“చూశాను సార్. పట్టుకున్నంతసేపూ క్యాబిన్ దిగింది, వదలగానే మళ్లీ మామూలే.”

ఆ ఒక్క మాటతో లీకుల వెతుకులాట తప్పింది. టెస్ట్ స్థానం స్క్వాట్ స్విచ్‌ను పక్కన పెట్టి సేఫ్టీ వాల్వును మూయిస్తుంది. అప్పుడు ప్రెషర్ ఎక్కిందంటే తప్పు స్విచ్‌లోనో దాని వైర్‌లోనో ఉంది. విప్పితే కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము. తీరంలో ఆరుబయట నిలిపే విమానానికి ఈ కనెక్టర్‌ను మాన్యువల్ గడువు కంటే తరచుగా చూడాలని నా గట్టి అభిప్రాయం.

విశాఖ పైలట్లకు ఒక మాట. మన రన్‌వే దాదాపు సముద్ర మట్టంలోనే ఉంది. టేకాఫ్‌కు ముందు పరీక్షలో కంట్రోలర్‌ను నేల ఎత్తు కంటే 500 అడుగులు కిందికి పెట్టాలంటే ఇక్కడ ముల్లు సున్నా దాటి మైనస్‌లోకి వెళ్లాలి. కొత్తవారు తటపటాయించి సున్నా దగ్గరే ఆపి, ఏమీ కదలడం లేదని రాస్తారు. డయల్ మైనస్ 1,000 వరకు ఉన్నది ఇలాంటి చోట్ల కోసమే.

చాలామందిని తికమకపెట్టేది గొట్టాల లీకు. కంట్రోలర్ నుంచి వాల్వుకు వెళ్లే గొట్టం క్యాబిన్ లోపల చిట్లితే ప్రెషర్ పడిపోతుందనుకుంటారు. జరిగేది తిరగబడి ఉంటుంది. క్యాబిన్ గాలి ఆ గొట్టంలోకి చొరబడి వాల్వును మూసివేసే వైపు నెడుతుంది. పెట్టిన ఎత్తు కంటే క్యాబిన్ కిందికి దిగి, తేడా గరిష్ఠానికి చేరుతుంది. కాబట్టి ప్రెషర్ ఎక్కువైందన్న స్నాగ్ వస్తే మొదట గొట్టాలు, వాటి జాయింట్లు చూడండి. రేటు ముల్లు పైకీ కిందికీ ఊగుతుంటే ఫిల్టరు, వాల్వు మూసుకున్నప్పుడు ఆనుకునే పీట చూడాలి. క్యాబిన్‌లో పొగ తాగిన కాలం నాటి విమానాల్లో వాల్వు మీద జిగురు మందంగా ఉంటుంది. అక్కడికి చేరడానికి వెనక ప్యానెళ్లన్నీ విప్పాలి. ఈ అమరిక నాకు ఎప్పుడూ నచ్చలేదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది హెచ్చరిక. మా విమానంలో క్యాబిన్ 12,500 అడుగులు దాటితే ఎర్ర దీపం వెలుగుతుంది, శబ్దం రాదు. 2000 సెప్టెంబరు 4న ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి లియొనోరా బయలుదేరిన బి200 దిగవలసిన చోటు దాటిపోయి, గంటల తరబడి దానంతటదే ఎగిరి బర్క్‌టౌన్ దగ్గర కూలింది. లోపలున్న ఎనిమిది మందీ చనిపోయారు. ఆక్సిజన్ అందక స్పృహ తప్పి ఉంటారన్నది దర్యాప్తు అభిప్రాయం. చెవికి వినిపించే హెచ్చరిక ఉండాలని తర్వాత సిఫారసు చేశారు. 25,000 అడుగుల్లో గాలి పోతే బుద్ధి సరిగా పనిచేసేది మూడు నుంచి ఐదు నిమిషాలే. అదీ తనకు ఏదో తేడాగా ఉందని పైలట్ గుర్తిస్తేనే. నెమ్మదిగా కారే లీకులో ఆ గుర్తింపే రాదు. శబ్దం చేసే అలారం, పైలట్ వేలికి ఆక్సీమీటర్ పెట్టించమని మా యజమానిని పట్టుబట్టి ఒప్పించాను. స్నాగ్ తేలేవరకు విమానం 10,000 అడుగులు దాటకూడదని టెక్ లాగ్‌లో రాయించడం కూడా అప్పటి నుంచే.

పాత బి200 కొంటున్నవారు పెయింటు, సీట్లు చూసి మురిసిపోకండి. తలుపు సీల్ ఎప్పుడు మార్చారో లాగ్ బుక్కులో వెతకండి, అవుట్‌ఫ్లో వాల్వు శుభ్రం చేసిన తేదీ అడగండి. లైసెన్సున్న ఇంజినీరును ఎక్కించుకుని పై ఎత్తులో ఒక్కో బ్లీడ్ మూసి చూపించమనండి. ఆ పరీక్షకు అమ్మేవారు వెనకాడితే బేరం అక్కడితో ఆపేయండి.